అధిక ఆల్కహాల్‌ను ఈస్ట్ తట్టుకోవాలంటే: మొదటి రెండు మూడు రోజుల్లో చేయాల్సినవి, ఆగిపోయాక చేయగలిగినవి

పులియబెట్టడానికి 24 బ్రిక్స్ (వంద గ్రాముల రసంలో సుమారు 24 గ్రాముల చక్కెర) పండ్ల రసంలో ఈస్ట్ వేశారు. లెక్క ప్రకారం 14 శాతం ఆల్కహాల్ రావాలి. 11 దగ్గరికి వచ్చేసరికి బుడగలు ఆగిపోయాయి, సాంద్రత చూపే హైడ్రోమీటర్ 1.020 దగ్గర నిలబడి మూడు రోజులైనా కదలడం లేదు. ఇలాంటప్పుడు ఎక్కువమంది ఇంకో ప్యాకెట్ ఈస్ట్ తెచ్చి పైన చల్లుతారు. అది దాదాపు ఎప్పుడూ దండగే. ఎండు ఈస్ట్ కణం నీళ్ళు పీల్చుకుని తన పొరను సరిచేసుకోవాల్సిన మొదటి నిమిషాల్లోనే 11 శాతం ఆల్కహాల్ మధ్యలో పడితే ఎక్కువ భాగం అక్కడే చచ్చిపోతుంది.

ఆల్కహాల్‌ను తట్టుకునే శక్తి ప్యాకెట్ మీద అచ్చువేసిన అంకెలో ఉండదు. కణం దాన్ని సొంతంగా సమకూర్చుకోవాలి. అందుకు ఆక్సిజన్, నత్రజని, కొన్ని ఖనిజాలు కావాలి. ఆ వీలు కూడా ఆల్కహాల్ ఇంకా తక్కువగా ఉన్న మొదటి రెండు మూడు రోజులే ఉంటుంది. పదో రోజున కనిపించే జబ్బుకు కారణం సాధారణంగా రెండో రోజున దొరుకుతుంది. అందుకే ఈ వివరాల్లో ఎక్కువ భాగం మొదటి రోజుల గురించే.

కింది కొలతలన్నీ 20 లీటర్ల రసానికి, 24 బ్రిక్స్ (సాంద్రత సుమారు 1.101) నుంచి 14 శాతం దాకా తీసుకెళ్ళడానికి వేసినవి. పరిమాణం మారితే అదే నిష్పత్తిలో పెంచుకోండి, తగ్గించుకోండి.

కణానికి తగిలే దెబ్బ ఎక్కడ

ఈస్ట్ కణాన్ని చుట్టి ఉండే కణత్వచం మందం సుమారు 7 నానోమీటర్లు. రెండు వరుసల కొవ్వు అణువులు, వాటి మధ్య ఎర్గోస్టెరాల్ (పొరను బిగువుగా ఉంచే, స్టెరాల్ జాతి కొవ్వు పదార్థం), అక్కడక్కడ లోపలికీ బయటికీ సరుకు చేరవేసే ప్రోటీన్లు. ఆల్కహాల్ నీటిలోనూ కలుస్తుంది, కొవ్వులోనూ ఇముడుతుంది. అందువల్ల ఈ పొరలోకి తేలిగ్గా దూరి, కొవ్వు అణువుల వరుసను చెదరగొడుతుంది. పొర వదులవుతుంది.

వదులైన పొర గుండా ముందుగా కారేవి ప్రోటాన్లు, అంటే పులుపుకు కారణమైన హైడ్రోజన్ అయాన్లు. బయట రసం పీహెచ్ 3.3, కణం లోపల 6.5 చుట్టూ ఉంటుంది. మూడు యూనిట్ల తేడా అంటే బయట ప్రోటాన్ల గాఢత లోపలికంటే వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. లోపలికి వచ్చిన ప్రతి ప్రోటాన్‌నీ బయటికి నెట్టే పని పీఎంఏ1 అనే పంపుది. ఒక ప్రోటాన్‌ను నెట్టడానికి ఒక ఏటీపీ (కణం శక్తిగా ఖర్చుపెట్టే అణువు) ఖర్చు. ఆక్సిజన్ లేకుండా పులిసేటప్పుడు ఒక గ్లూకోజ్ అణువు నుంచి కణానికి మిగిలేవి రెండే ఏటీపీలు. అడుగున చిల్లుపడ్డ పడవలో కూర్చుని నీళ్ళు తోడుతున్న మనిషి పరిస్థితే ఆ కణానిది. తోడటానికే బలమంతా పోతే తెడ్డు వేయడం కుదరదు.

ఆ తర్వాత రవాణా ప్రోటీన్లు మందగిస్తాయి. ఇందులో ఒక క్రమం ఉంది, అది తెలిస్తే పోషకాలు ఎప్పుడు వేయాలో అర్థమవుతుంది. మొదట దెబ్బతినేవి అమినో ఆమ్లాలను, అమ్మోనియంను లోపలికి తెచ్చేవి. చక్కెరను తెచ్చేవి ఆ తర్వాత. అంటే కణం ఇంకా చక్కెర తింటూ బుడగలు వదులుతున్న సమయానికే నత్రజని తీసుకోవడం దాదాపు మానేసి ఉంటుంది. పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఆల్కహాల్ ఇంకా పెరిగితే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ కూడా చెడిపోతుంది.

కణం దీనికి ఎదురొడ్డే తీరు ప్రధానంగా పొరను మార్చుకోవడమే. ఒలీయిక్ ఆమ్లం లాంటి అసంతృప్త కొవ్వు ఆమ్లాల పాలు పెంచుతుంది, ఎర్గోస్టెరాల్‌ను ఎక్కువగా ఇముడ్చుకుంటుంది. ఈ రెండూ తయారు కావాలంటే ఆక్సిజన్ తప్పనిసరి. ఒక్క ఎర్గోస్టెరాల్ అణువు తయారీకి 12 ఆక్సిజన్ అణువులు పడతాయి. ఆక్సిజన్ లేకపోతే ఆ తయారీ స్క్వాలీన్ అనే మధ్య పదార్థం దగ్గరే ఆగిపోతుంది. అప్పటికి ఉన్న స్టెరాల్‌నే తల్లికణం, పిల్లకణం పంచుకోవాలి. ప్రతి విభజనకూ తలా సగం. బాగా గాలి తగిలిన ఈస్ట్‌లో పొడి బరువులో సుమారు 1 శాతం ఉండే స్టెరాల్ మూడు నాలుగు విభజనల తర్వాత దాదాపు పదో వంతుకు పడిపోతుంది. విభజన అక్కడితో ఆగుతుంది. ఆ పల్చబడ్డ పొరలతోనే కణాలు 12, 13, 14 శాతాలను ఎదుర్కోవాలి.

పొరతోపాటు లోపలి ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ట్రెహలోజ్ అనే చక్కెరను పోగుచేసుకుని పొరనూ ప్రోటీన్లనూ కాపాడుకుంటుంది. హెచ్ఎస్‌పీ104 లాంటి ప్రోటీన్లు మడత చెడిన ఎంజైములను తిరిగి సరిచేస్తాయి. వేడి తగిలినప్పుడూ ఆల్కహాల్ తగిలినప్పుడూ చాలావరకు ఇవే మేలుకుంటాయి. అయితే ఒత్తిడికి బాగా స్పందించే ఈస్ట్ బాగా పులియబెడుతుందని అనుకోకూడదు. సాకే (జపాన్ బియ్యపు మద్యం) తయారీలో వాడే క్యోకాయ్ 7 రకంలో రిమ్15 అనే జన్యువు పనిచేయదు, ఒత్తిడికి దాని స్పందన బలహీనం. అయినా అది ఆల్కహాల్‌ను వేగంగా, ఎక్కువ గాఢత దాకా తయారుచేస్తుంది. ఆల్కహాల్‌లో ప్రాణంతో మిగలడం ఒకటి, ఆల్కహాల్‌లో పని చేస్తూ ఉండటం ఇంకొకటి. మనకు కావాల్సింది రెండోది.

రకం, మోతాదు

14 శాతం కావాలంటే ప్యాకెట్ మీద కనీసం 16 శాతం అని ఉన్న రకం తీసుకోండి. ఆ అంకె అన్నీ అనుకూలించినప్పుడు వచ్చేది, రెండు శాతం తరుగు ముందే వేసుకోవడం మంచిది. ఈసీ 1118 లాంటి వైన్ ఈస్ట్ రకాలు 18 శాతం వరకు వెళ్తాయి, నత్రజని కూడా తక్కువ అడుగుతాయి. బ్రెడ్ ఈస్ట్‌తో 14 ఆశించడం వృథా.

మామూలు రసానికి లీటరుకు 0.25 గ్రాముల ఎండు ఈస్ట్ సరిపోతుంది. 24 బ్రిక్స్, ఆపైన అయితే 0.4 గ్రాములకు పెంచండి. 20 లీటర్లకు 8 గ్రాములు. కారణం పైన చెప్పిన లెక్కే: మొదట్లో కణాలు ఎక్కువ ఉంటే తక్కువ విభజనలతో కావాల్సిన సంఖ్యకు చేరతాయి, స్టెరాల్ తక్కువసార్లు సగమవుతుంది.

ఎండు ఈస్ట్‌ను నానబెట్టడం

ఎండు ఈస్ట్‌లో ట్రెహలోజ్ నిండుగా ఉంటుంది, స్టెరాల్ కూడా ఉంటుంది, ఎందుకంటే దాన్ని గాలి బాగా పట్టించి పెంచుతారు. ఈ మూలధనాన్ని పోగొట్టేది తప్పుగా నానబెట్టడం. ఎండిన కణత్వచం నీళ్ళు పీల్చుకునే మొదటి నిమిషాల్లో జల్లెడలా ఉంటుంది. లోపలి సరుకు బయటికి పోతుంది, బయటిది అదుపు లేకుండా లోపలికి వస్తుంది. ఆ సమయంలో చల్లని నీళ్ళు, చక్కెర, సల్ఫైట్ (రసం చెడకుండా వేసేది) తగిలితే చాలా కణాలు కోలుకోవు.

200 మిల్లీలీటర్ల శుభ్రమైన నీళ్ళను 43 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, నానబెట్టడానికి ప్రత్యేకంగా అమ్మే పోషకం 10 గ్రాములు (ఈస్ట్ బరువుకు 1.25 రెట్లు) కలపండి. ఇది స్టెరాళ్ళు, విటమిన్లు ఉండే నిర్జీవ ఈస్ట్ పొడి. 40 డిగ్రీలకు దిగగానే 8 గ్రాముల ఈస్ట్ చల్లి, మెల్లగా కలిపి 15 నుంచి 20 నిమిషాలు వదిలేయండి. డిస్టిల్డ్ వాటర్ వద్దు, ఖనిజాలున్న నీళ్ళే మంచివి. డీఏపీ, అంటే డైఅమ్మోనియం ఫాస్ఫేట్, ఈ నీళ్ళలో ఒక్క చిటికెడు కూడా వేయకండి. అంత గాఢమైన అమ్మోనియం ఉప్పు ఈ దశలో కణాలకు విషం.

తర్వాత అసలు రసం కొద్దికొద్దిగా పోస్తూ ఈ మిశ్రమాన్ని చల్లార్చాలి. రసం 20 డిగ్రీల్లో ఉంటే ముందు 50 మిల్లీలీటర్లు పోసి ఐదు నిమిషాలు, ఇంకో 100 పోసి ఐదు నిమిషాలు, ఆపైన 200. రెండింటి మధ్య తేడా 10 డిగ్రీల లోపుకు వచ్చాకే తొట్టిలో పోయండి. మొత్తం పని అరగంట నుంచి నలభై నిమిషాల్లో అయిపోవాలి. ఆలస్యం చేస్తే ఈస్ట్ దాచుకున్న తిండి ఆ గిన్నెలోనే తినేస్తుంది.

ఆక్సిజన్: ఎంత, ఎప్పుడు

పోషకాలకు పెట్టే శ్రద్ధలో సగమైనా ఆక్సిజన్‌కు పెట్టరు. అధిక ఆల్కహాల్ కావాలనుకునేవారు అన్నిటికంటే ముందు సరిచూసుకోవాల్సింది ఇదే.

ఈస్ట్‌కు అవసరమయ్యేది లీటరుకు 8 నుంచి 10 మిల్లీగ్రాములు. 20 డిగ్రీల నీళ్ళలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ గరిష్ఠంగా 9 మిల్లీగ్రాములు. చక్కెర ఎక్కువైన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. కాబట్టి 24 బ్రిక్స్ రసాన్ని ఎంత కుదిపినా, గాలి పంపు ఎంతసేపు నడిపినా 8 దాటదు. నిజానికి చేత్తో కుదిపితే అందులో సగం రావడమే గొప్ప. స్వచ్ఛమైన ఆక్సిజన్ సిలిండర్ ఉంటే 0.5 మైక్రాన్ల రంధ్రాలున్న, బుడగలు వదిలే రాయి గుండా నిమిషానికి ఒక లీటరు చొప్పున 60 సెకన్లు వదిలితే 20 లీటర్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు అందుతుంది. సిలిండర్ లేకపోతే సూక్ష్మజీవులను ఆపే ఫిల్టర్ పెట్టిన చిన్న గాలి పంపు అరగంట నడపండి.

ఎప్పుడు ఇవ్వాలన్నది ద్రవాన్ని బట్టి మారుతుంది. మరిగించి చల్లార్చిన ధాన్యపు ద్రవమైతే ఈస్ట్ వేసే ముందే ఇవ్వచ్చు. బాగా చిక్కనిదైతే 12 నుంచి 18 గంటల తర్వాత ఇంకోసారి ఇవ్వాలి. పచ్చి పండ్ల రసంలో మాత్రం పండులోని ఎంజైములే ఆక్సిజన్‌ను ముందుగా మింగేస్తాయి. రసం రంగు మారుతుంది, ఈస్ట్‌కు ఏమీ మిగలదు. అందుకే రసంలో ఈస్ట్ పని మొదలుపెట్టి, చక్కెర మూడో వంతు తగ్గినప్పుడు, అంటే 24 నుంచి 16 బ్రిక్స్‌కు దిగినప్పుడు, ఒకేసారి లీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఇవ్వండి. ఆ సమయానికి కణాల సంఖ్య గరిష్ఠానికి దగ్గర పడుతుంది, స్టెరాల్ అడుగంటుతుంటుంది, ఇచ్చిన ఆక్సిజన్ నిమిషాల్లో పొరలోకి చేరిపోతుంది. సగం చక్కెర దాటాక ఇస్తే ఈస్ట్‌కు ఒరిగేది తక్కువ, ద్రవానికి చెరుపు ఎక్కువ.

రసాన్ని మరీ తేటగా చేయడం కూడా ఈ కోవలోకే వస్తుంది. పండు గుజ్జు రేణువుల్లో మొక్క స్టెరాళ్ళు, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి, ఈస్ట్ వాటిని నేరుగా వాడుకోగలదు. అద్దంలా వడగట్టిన రసం 50 ఎన్‌టీయూ (మసకను కొలిచే యూనిట్) కంటే తేటగా ఉంటే మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. 100 నుంచి 200 మధ్య ఉంచడం క్షేమం.

నత్రజని లెక్క

24 బ్రిక్స్‌కు ఈస్ట్ వాడుకోగల నత్రజని లీటరుకు 225 నుంచి 250 మిల్లీగ్రాములు ఉండాలి. రసాన్ని ఫార్మాల్ పద్ధతిలో (ఫార్మాల్డిహైడ్‌తో చేసే పరీక్షలో) కొలిస్తే 120 వచ్చిందనుకోండి. ఇంకో 120 మనం వేయాలి. డీఏపీలో నత్రజని 21 శాతం, గ్రాముకు 210 మిల్లీగ్రాములు. నిర్జీవ ఈస్ట్‌తో చేసిన సేంద్రియ పోషకంలో గ్రాముకు సుమారు 40. లీటరుకు 0.45 గ్రాముల డీఏపీతో 95, 0.6 గ్రాముల సేంద్రియ పోషకంతో 24, మొత్తం 119. 20 లీటర్లకు 9 గ్రాముల డీఏపీ, 12 గ్రాముల సేంద్రియ పోషకం.

ఇవన్నీ ఒకేసారి పోయకండి. సగం సగం చేయండి. మొదటి సగం ఈస్ట్ నిద్రలేచి ఒకటి రెండు బ్రిక్స్ తిన్నాక, అంటే సాధారణంగా 18 నుంచి 24 గంటలకు. రెండో సగం 16 బ్రిక్స్ దగ్గర, ఆక్సిజన్‌తోపాటు. ఆ తర్వాత వేయకండి. ఆల్కహాల్ 9, 10 శాతం చేరేసరికి అమ్మోనియం లోపలికి పోయే దారి మూసుకుపోతుంది. ఆగిపోయిన తొట్టిలో డీఏపీ పోస్తే తినేది ఈస్ట్ కాదు, కాచుకుని ఉన్న ఇతర సూక్ష్మజీవులు.

పొడిని నేరుగా తొట్టిలో చల్లితే కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఎగసి నురగ పొంగి నేల మీదికి వస్తుంది. కప్పు రసం బయటికి తీసి అందులో కరిగించి, తొట్టిని మెల్లగా కలిపి గ్యాస్ పోనిచ్చి, అప్పుడు పోయండి.

తేనె నీళ్ళతో చేసేవారికి లెక్క వేరు. తేనెలో నత్రజని దాదాపు లేనట్టే, 240 మొత్తం మనమే ఇవ్వాలి: 20 లీటర్లకు 18 గ్రాముల డీఏపీ, 25 గ్రాముల సేంద్రియ పోషకం. నాలుగు భాగాలు చేసి 24, 48, 72 గంటలకు, మూడో వంతు చక్కెర తగ్గినప్పుడు వేయండి. మూడో వంతు 72 గంటలకంటే ముందే తగ్గితే మిగిలినదంతా అప్పుడే వేసేయండి.

పొటాషియం, పీహెచ్, మెగ్నీషియం, జింక్

2014లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు సైన్స్ పత్రికలో ప్రచురించిన ఫలితం ఈ విషయంలో కళ్ళు తెరిపించేది. ద్రవంలో పొటాషియం పెంచి, ఆమ్లత్వం తగ్గనిస్తే చాలు, రకం మార్చకుండానే ఈస్ట్ ఎక్కువ ఆల్కహాల్‌ను తట్టుకుంది. కణత్వచానికి అటూ ఇటూ పొటాషియం, ప్రోటాన్ల తేడాలు నిలబడితే కణం నిలబడుతుంది. పైన చెప్పిన కారుడు లెక్కకు ఇది సరిగ్గా సరిపోతుంది.

చేతల్లో దీని అర్థం: పీహెచ్‌ను 3.2 కంటే కిందికి జారనివ్వకండి. పండ్ల రసంలో పొటాషియం ఎలాగూ ఉంటుంది కాబట్టి సాధారణంగా ఇబ్బంది రాదు. తేనె నీళ్ళలో, వట్టి చక్కెర నీళ్ళలో మాత్రం పీహెచ్‌ను పట్టి ఉంచేదేమీ లేదు, రెండు రోజుల్లో 3 కంటే కిందికి పడిపోవచ్చు. రోజూ కొలిచి, 3.2 కంటే తగ్గితే 5 గ్రాముల పొటాషియం బైకార్బొనేట్ కలిపి, గంట తర్వాత మళ్ళీ కొలిచి, అవసరమైతే ఇంకో 5 వేయండి. సోడియం బైకార్బొనేట్ దీనికి బదులు కాదు. పీహెచ్ పెరుగుతుంది గానీ పొటాషియం అందదు.

మెగ్నీషియం కణత్వచాన్ని బిగువుగా ఉంచుతుంది, చక్కెరను విరిచే చాలా ఎంజైములకు అది కావాలి. తేనె, చక్కెర ద్రవాల్లో 20 లీటర్లకు 4 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ వేస్తే లీటరుకు సుమారు 20 మిల్లీగ్రాముల మెగ్నీషియం అందుతుంది. జింక్ లేనిదే ఆల్కహాల్ తయారుచేసే ఎంజైమే పనిచేయదు, కానీ కావాల్సింది లీటరుకు 0.2 మిల్లీగ్రాములే. అంత చిన్న బరువు తూచలేరు కాబట్టి ఒక గ్రాము జింక్ సల్ఫేట్‌ను లీటరు నీళ్ళలో కరిగించి పెట్టుకుని, అందులోంచి 20 మిల్లీలీటర్లు 20 లీటర్లకు పోయండి.

ఉష్ణోగ్రత

ఆల్కహాల్, వేడి రెండూ పొరను ఒకే వైపుకు లాగుతాయి, రెండూ వదులు చేస్తాయి. 28 డిగ్రీలు మొదటి రోజు ఈస్ట్‌కు హాయి. అదే 28 డిగ్రీలు 12 శాతం ఆల్కహాల్‌లో ప్రాణాంతకం. 20 దగ్గర మొదలుపెట్టండి, 24 వరకు పెరగనివ్వండి, ఆల్కహాల్ 10 దాటాక 20 నుంచి 22 మధ్య పట్టి ఉంచండి. తొట్టి బయట గాలిని కాదు, ద్రవాన్ని కొలవండి. జోరుగా పులిసేటప్పుడు లోపల నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఆఖరి దశలో రాత్రి చలికి ద్రవం 15కు పడితే ఈస్ట్ అడుగుకు దిగిపోతుంది, తిరిగి వేడి చేసినా అన్నీ లేవవు. ఒక రోజులో 5 డిగ్రీలకు మించిన మార్పు ఏ దిశలోనైనా మంచిది కాదు.

15 శాతం దాటాలంటే

చక్కెర మొత్తం మొదటే పోస్తే ఈస్ట్ మొదట చక్కెర ఒత్తిడితో పోరాడాలి, గ్లిసరాల్ తయారీకి శక్తి ఖర్చుపెట్టాలి, ఆ అలసటతోనే ఆల్కహాల్‌ను ఎదుర్కోవాలి. 24 బ్రిక్స్‌తో మొదలుపెట్టి, 8 నుంచి 10కి దిగాక లీటరుకు 25 గ్రాముల చొప్పున చక్కెర విడతలుగా ఇవ్వండి. ప్రతి 17 గ్రాములకు 1 శాతం ఆల్కహాల్ వస్తుంది. ఆల్కహాల్ 12 శాతం చేరేలోపు విడతలు ముగించండి.

బుడగలను కాదు, బరువును చూడండి

ఎయిర్‌లాక్ (గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూత) బుడగలు నమ్మదగ్గవి కావు. ఉష్ణోగ్రత పెరిగితే కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి బుడగలు వస్తాయి. ఆల్కహాల్ చేరాక రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంపుతో చక్కెరను కొలిచే సాధనం) కూడా తప్పు చెబుతుంది. మంచి ఉపాయం: అదే ద్రవాన్ని, అదే ఈస్ట్‌ను 500 మిల్లీలీటర్లు చిన్న సీసాలో ఎయిర్‌లాక్‌తో పక్కనే ఉంచి, 0.1 గ్రాము వరకు చూపే తూకం మీద రోజూ ఒకే సమయానికి తూచండి. పోయిన బరువు దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే. ప్రతి 3.8 గ్రాముల తరుగు 1 శాతం ఆల్కహాల్‌కు సమానం. రోజుకు 5 గ్రాములు తగ్గుతున్నది 2కు, 1కి, ఆపైన 0.3కు జారుతుంటే, చక్కెర ఇంకా మిగిలి ఉందంటే, ఆగిపోక ముందే మీకు తెలిసిపోతుంది. పెద్ద తొట్టిని కాస్త వెచ్చబరిచి, అడుగున పేరుకున్న ఈస్ట్‌ను కదిపి లేపడానికి అదే సమయం.

సూక్ష్మదర్శిని ఉంటే ఇంకా మంచిది. 2 శాతం సోడియం సిట్రేట్ ద్రావణంలో 0.01 శాతం మిథిలీన్ బ్లూ కలిపి, అంతే పరిమాణంలో పల్చబరిచిన ఈస్ట్ నమూనాతో కలిపి, రెండు మూడు నిమిషాల తర్వాత 400 రెట్లలో చూడండి. బతికున్న కణం రంగును విరిచేస్తుంది, తెల్లగా కనిపిస్తుంది. చచ్చినది ముదురు నీలంగా ఉంటుంది. కనీసం 400 కణాలు లెక్కపెట్టండి. రెండో రోజు కణాలు నునుపుగా, నిండుగా, సగానికి పైగా మొగ్గలతో ఉండాలి. 12 శాతం దగ్గర కణం లోపల ఒకే పెద్ద రిక్తిక (ద్రవంతో నిండిన సంచి) ఉబ్బి, మిగతా భాగం రవ్వరవ్వగా, అంచు ముడతపడి కనిపిస్తుంది. అది సహజమే, ఆ స్థితిలోనూ తెల్లగా ఉన్న కణం పని చేస్తుంది. ఆగిపోయిన తొట్టిలో 80 శాతం తెల్లగా ఉంటే ఉష్ణోగ్రత సరిచేసి, కదిపి, మూడు రోజులు చూడండి. అంతకంటే తగ్గాక ఈ రంగు పరీక్ష బతికినవాటిని ఎక్కువ చేసి చూపిస్తుంది. సగం నీలంగా కనిపిస్తే అసలు పరిస్థితి ఇంకా దారుణమని అర్థం. ఇక ఎదురుచూడకండి.

ఆగిపోయిన తొట్టిని తిరిగి నడపడం

ముందు కారణం చూడండి. పీహెచ్ 3.2 కంటే తక్కువైతే అది సరిచేయాలి. పుల్లని వెనిగర్ వాసన ఉంటే బ్యాక్టీరియా చేరింది, ముందు దాని సంగతి చూడాలి. ఆఖర్లో మిగిలే చక్కెర ఎక్కువగా ఫ్రక్టోజ్. ఈస్ట్ గ్లూకోజ్‌నే ముందు తింటుంది కాబట్టి ఫ్రక్టోజ్‌ను బాగా తినే రకం ఎంచుకోవాలి. దీనికి కూడా ఈసీ 1118 లాంటివి పనికొస్తాయి.

అలసిన ఈస్ట్ వదిలిన ఆక్టనోయిక్, డెకనోయిక్ ఆమ్లాలు ఆల్కహాల్‌తో కలిసి కొత్త ఈస్ట్ పొరను కూడా చెడగొడతాయి. వాటిని తీయకుండా కొత్త ఈస్ట్ వేయడంలో అర్థం లేదు. కింది క్రమం సాంద్రత 1.020, ఆల్కహాల్ 11 శాతం దగ్గర ఆగిన 20 లీటర్లకు.

1. 5 గ్రాముల ఈస్ట్ పెంకులను, అంటే ఈస్ట్ కణకవచాల పొడిని, తొట్టిలో కలపండి. 24 నుంచి 48 గంటలు ఉంచి, మధ్యలో రెండుసార్లు కదపండి. ఆ ఆమ్లాలు పెంకులకు అంటుకుని అడుగుకు చేరతాయి. పైతేటను వేరే తొట్టిలోకి తీసుకోండి.

2. 10 గ్రాముల ఈస్ట్‌ను, 12.5 గ్రాముల నానబెట్టే పోషకంతో, 250 మిల్లీలీటర్ల నీళ్ళలో పైన చెప్పినట్టే నానబెట్టండి.

3. అర లీటరు ఆగిపోయిన ద్రవం, అర లీటరు నీళ్ళు, 50 గ్రాముల చక్కెర, అర గ్రాము సేంద్రియ పోషకం కలిపి 25 డిగ్రీలకు తెచ్చి, గాలి బాగా పట్టించి, నానిన ఈస్ట్ పోయండి. ఇందులో ఆల్కహాల్ నాలుగున్నర శాతం లోపే. రీడింగ్ రాసుకోండి.

4. సాంద్రత 0.013 తగ్గగానే, అంటే చక్కెర సగం అయిపోయాక, ఒక లీటరు ఆగిన ద్రవం కలపండి. ఆల్కహాల్ సుమారు 8 శాతానికి చేరుతుంది. ఉష్ణోగ్రత 22 నుంచి 25.

5. మళ్ళీ 0.009 తగ్గాక రెండున్నర లీటర్లు కలపండి. ఇప్పుడు 10 శాతం.

6. ఇంకో 0.009 తగ్గాక ఈ మొత్తాన్ని మిగిలిన 16 లీటర్లలో పోసి 20 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంచండి.

ఈ మెట్లలో ఎక్కువగా చెడేది ఒక్కచోటే. చిన్న పాత్రలో ఈస్ట్ చక్కెరంతా తినేసేదాకా వదిలేయడం. ఆ ఆల్కహాల్‌లో తిండి లేక ఒక రాత్రి పస్తున్న ఈస్ట్ పంపులు నడపడానికి ఏటీపీ లేక కుప్పకూలుతుంది, తర్వాత ఎంత చక్కెర ఇచ్చినా లేవదు. రోజుకు రెండుసార్లు కొలవండి. తదుపరి మెట్టుకు కాస్త ముందే వెళ్ళినా ఫర్వాలేదు, ఆలస్యం మాత్రం వద్దు. ఆఖరి మెట్టు తర్వాత రీడింగ్ రోజుకు 0.001 నుంచి 0.003 కదిలినా చాలు, అది సరైన దారిలోనే ఉంది.

14 శాతం దాకా వెళ్ళిన తొట్టి అడుగు మడ్డిని ఇంకో తొట్టికి విత్తనంగా వాడకండి. ఆ కణాల్లో స్టెరాల్ దాదాపు లేదు, ట్రెహలోజ్, గ్లైకోజెన్ అడుగంటి ఉంటాయి, మైటోకాండ్రియా చెడిన కణాల పాలు ఎక్కువ. పాత ఈస్ట్‌నే మళ్ళీ వాడాలనుకుంటే 6, 7 శాతం దాటని తొట్టి నుంచి తీసుకుని, గాలి పట్టించిన పల్చని పోషక ద్రవంలో ఒక రోజు పెంచి, మిథిలీన్ బ్లూతో 95 శాతానికి పైగా బతికున్నాయని చూసుకున్నాకే వేయండి.